నాలుగో బోర్డు

లిఫ్ట్ చిన్నగా దగ్గి, రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

లోపల ఇద్దరే ఆడవాళ్ళు. ఒకామె చదరంగం జట్టులో నాలుగో బోర్డు ఆడే అమ్మాయి. కాలు ఒకచోట నిలవదని జట్టంతా ఆమెను తూనీగ అంటారు. రెండో ఆమె యాభై దాటిన భారీ మనిషి. చంకలో మడిచిన కోటు, చేతిలో ఊలు ఉండ, అల్లిక సూదులు.

నానా రకాల ఆటలకు దేశదేశాల వాళ్ళు దిగిన ఆ పోటీల్లో, ఆడవాళ్ళ జట్ల చదరంగానికి అది ఆఖరి రోజు. జట్టుకు ఆడేవాళ్ళు నలుగురు, బోర్డుకొకరు. పతకం తేలేది ఇవాళే.

తూనీగ మీటలన్నీ టకటకా నొక్కింది. తలుపు దబదబా బాదింది. పలికే నాథుడు లేడు.

"మీ ఫోనివ్వండి, ఎవరికైనా చెబుదాం."

"నా దగ్గర లేదమ్మా. నీదేది?"

"మమ్మల్ని హాల్లోకి ఫోన్లతో రానివ్వరు. మీకేమైంది? ఈ రోజుల్లో ఫోన్ లేకుండా తిరిగేవాళ్ళుంటారా?"

ఆవిడ నవ్వింది.

పైనెక్కడో గంట మోగింది. ఆట మొదలైంది. పదిహేను నిమిషాల్లో కుర్చీలో కూర్చోకపోతే ఆడకుండానే ఓడినట్టు.

తూనీగ గత రెండు ఆటలూ ఓడింది. "ఇవాళ కూడా పోగొట్టావో, ఇక జట్టులో చోటు మర్చిపో" అని కెప్టెన్ అక్క పొద్దున్నే తేల్చి చెప్పేసింది. నాలుగు గోడలూ మీదికి జరుగుతున్నట్టుంది. గాలి చాలడం లేదు.

ఆవిడ మాత్రం నేల మీద చతికిలబడి అల్లుకుంటోంది.

"మీకు భయం వెయ్యట్లేదా?"

"భయపడితే తలుపు తెరుచుకుంటుందా? ఏదో ఒకటి మాట్లాడు, ఊపిరాడుతుంది."

"ఏం మాట్లాడను, నా కర్మ! నాతో ఆడాల్సినామె ఆటలన్నీ నెల రోజులు బట్టీ పట్టి వచ్చాను. ఇవాళ ఆమెకు జ్వరమట. ఎవరో రిజర్వు ఆమెను దింపుతున్నారు. ఇన్ని రోజుల్లో ఒక్క ఆటా ఆడలేదు, మొహం కూడా ఎవరికీ తెలీదు. లెక్కకి ఉండాలని వెంట తెచ్చుకున్నట్టున్నారు."

సూదులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

"అయ్యుండొచ్చు," అంది ఆవిడ.

"మీరు ఆట చూడ్డానికొచ్చారా?"

"పదకొండు రోజులుగా చూస్తూనే ఉన్నానమ్మా."

ఏ ఆటగత్తెకో తల్లి అయి ఉంటుందనుకుంది తూనీగ.

ఆవిడ అల్లికను వేలితో తడిమి లెక్కపెట్టింది. "నాకు వరుసకి రెండు నిమిషాలు పడుతుంది. గంట మోగాక మూడు వరుసలయ్యాయి. ఇంకా తొమ్మిది నిమిషాలుంది. లే, పట్టు!"

ఇద్దరూ కలిసి తలుపు రెక్కలు చెరోవైపు లాగారు. ఎదురుగా ఉత్త గోడ. తలకంటే ఎత్తులో మాత్రం మూరెడు సందు, అవతల వరండా దీపం.

"సన్నగా ఉన్నావు, దూరిపోతావు. నా భుజాలెక్కు."

"మరి మీరో?"

"నన్ను లాగడం నీ వల్ల అవుతుందా? నువ్వెళ్ళి వెంటనే ఎవరినైనా పంపు. తాళం ఉన్నవాళ్ళొస్తే రెండు నిమిషాల పని. ఇద్దరం ఇక్కడే కూర్చుని ఏం లాభం?"

మడిచిన కోటు భుజాన వేసుకుని, గోడకు చేతులు ఆనించి వంగింది ఆవిడ.

"వానకి బూట్లన్నీ బురదగా ఉన్నాయండీ..."

"పర్లేదు, తొక్కెయ్."

తూనీగ ఒక్క ఉదుటున ఎక్కి, సందులో దూరి, మోకాళ్ళు గీరుకుపోతూ అవతల పడింది.

"మర్చిపోకమ్మా!" కింది నుంచి మాట.

"ఇప్పుడే పంపిస్తా!"

మెట్లు మూడేసి చొప్పున ఎక్కింది. హాలు చేరేసరికి ఇంకా ఆరు నిమిషాలుంది.

తలుపు దగ్గర కాపలా ఆమెకు చెబుదామని నోరు తెరిచింది. అంతలో లోపలి నుంచి కెప్టెన్ అక్క కళ్ళురిమి కుర్చీ చూపించింది. ముందు కూర్చుని తర్వాత చెబుదాంలే అనుకుంది.

కూర్చుంది. ఎదుటి కుర్చీ ఖాళీ!

రిజర్వు ఆమె ఇంకా రాలేదు. తూనీగ లోపల ఆశ దీపంలా వెలిగింది. రాకూడదు, ఈ ఆరు నిమిషాలూ రాకూడదు అని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

హాల్లో మాట్లాడకూడదు. చెప్పాలంటే చెయ్యెత్తి రెఫరీని పిలవాలి. ఎత్తొచ్చు. కానీ ఎత్తితే ఈ అదృష్టం కాస్తా చెదిరిపోతుందేమోనన్న పిచ్చి భయం. ఆవిడకేం తొందర, ఊలుంది, అల్లుకుంటూ ఉంటుంది.

గడువు లెక్కపెట్టే గోడ గడియారం సున్నాకి చేరింది.

రెఫరీ వచ్చి తూనీగ గెలిచినట్టు కాగితం మీద రాసింది. అవతల కెప్టెన్ అక్క మొహం మతాబాలా విరిసింది. అప్పుడు ఎత్తింది తూనీగ చెయ్యి.

"మేడమ్, కింద లిఫ్టులో ఎవరో ఆవిడ ఇరుక్కుపోయారు."

"ఎప్పట్నుంచి?"

తూనీగ చూపు గడియారం మీదికి పోయింది. ఒక మనిషిని కిందికి పరుగెత్తించింది రెఫరీ.

పది నిమిషాలయ్యాక ఎదుటి కుర్చీ జరిగిన చప్పుడైంది. ఓడిన ఆమె కూడా సంతకం పెట్టాలి. ఓడినవాళ్ళ మొహం చూడడం తూనీగకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. తల దించుకునే కాగితం ముందుకు జరిపింది.

ఎదుటి మనిషి సంతకం కోసం ముందుకు వంగింది, అప్పుడు కనిపించింది తూనీగకు, ఆ జట్టు కోటు భుజం మీద ఇంకా తడి ఆరని తన బూటు ముద్ర.