ఖాకీ చొక్కా

లిఫ్టు మళ్ళీ ఆగిపోయింది.

టైలరు గుండె కూడా దాదాపు ఆగినంత పనైంది.

భార్య స్ట్రెచరు మీద ఉంది. ఆపరేషన్ థియేటరు మూడో అంతస్తులో ఉంది. పైకి వెళ్ళడానికి ఇక మిగిలింది ఏటవాలు ర్యాంపు ఒక్కటే.

నర్సు పొద్దున్నే తెగేసి చెప్పింది. "గుండె కవాటం మార్చే డాక్టర్లు ఏడాదికోసారి వస్తారు. ఇవాళే ఆఖరి రోజు. ఉన్న బల్ల ఒక్కటే, ఇంకొక్క ఆపరేషనుకే టైముంది. మీరు ఆలస్యమైతే తర్వాతి పేషెంటును ఎక్కించేస్తారు. మీకు మళ్ళీ వచ్చే ఏడే."

వచ్చే ఏటికి ఆమె ఉండదని ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

చిన్నప్పుడు ఆమెకు గొంతునొప్పి, జ్వరం, ఆ వెనకే కీళ్ళవాపులు వచ్చేవి. ఎదిగే పిల్లకు మామూలేనన్నారు ఇంట్లో. అప్పుడే నెలనెలా ఓ చవక ఇంజెక్షను వేయించి ఉంటే సరిపోయేదట. ఆ ముక్క చెప్పే డాక్టరు దొరికేసరికి గుండెలో కవాటం బిగుసుకుపోయింది.

టైలరు కంగారుగా చుట్టూ చూశాడు.

మగవాళ్ళ వార్డు గుమ్మంలో ఖాకీ చొక్కా మనిషొకడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. పక్కనున్న ఆడమనిషి అతని చెయ్యి పట్టుకుని ఏదో బతిమాలుతోంది.

బట్ట చూసి మనిషిని చెప్పేయగలనని టైలరుకు గర్వం. ఆ చొక్కా భుజాలు జారిపోయి, ఒంటి మీద గోనెసంచిలా వేలాడుతోంది. ఊరికే వచ్చిన యూనిఫాం, కొలతలెవడు చూస్తాడు? బంట్రోతే, సందేహం లేదు. పని ఎగ్గొట్టి కబుర్లాడుతున్నాడు.

"ఏమయ్యా! గోడ పడిపోకుండా పట్టుకోవడానికేనా నీకు జీతం? వచ్చి తొయ్యి!"

అతను స్ట్రెచరు వంక చూశాడు. ఆమె చెయ్యి విడిపించుకుని వచ్చాడు.

టైలరు ఆక్సిజన్ సిలిండరు భుజానికెత్తుకుని ముందునుంచి లాగాడు. అతను వెనకనుంచి తోశాడు.

మొదటి మలుపులోనే స్ట్రెచరు ఆగింది.

"ఏమైంది?"

"చక్రం... మొరాయిస్తోంది బాబూ."

చక్రం బాగానే ఉంది. మొరాయిస్తున్నది మనిషి. పెదవులు నేరేడుపండులా ఉన్నాయి. బీడీలు తగలేస్తాడు కాబోలు, అనుకున్నాడు టైలరు.

"నేనంత బరువున్నానా అన్నయ్యా?" మాస్కులోంచి భార్య గొంతు పీలగా వినిపించింది.

"నువ్వు దూదిపింజవి తల్లీ. మీ ఆయన కంగారే... బండెడుంది."

ఆమె నవ్వబోయి దగ్గింది.

రెండో మలుపు. మళ్ళీ ఆగింది. అతను స్ట్రెచరు కడ్డీ మీద తల ఆనించేశాడు.

టైలరు బుర్రలో అనుమానం భగ్గుమంది.

"ఇప్పుడర్థమైంది! ఆ తర్వాతి పేషెంటు వాళ్ళు నీ చెయ్యి తడిపారు కదూ? మేం ఆలస్యమైతే వాళ్ళ పంట పండుతుంది!"

"ఏవండీ, పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటలేంటి?" అంది భార్య.

అతను తలెత్తాడు. ఊపిరి కూడదీసుకున్నాడు.

"వాళ్ళ దగ్గర తడపడానికేం లేదు బాబూ. నాకు తెలుసు. పద... లాగు."

చివరి వాలులో అతనికి తోసే శక్తి లేదు. ఒంటి బరువంతా స్ట్రెచరు మీదికి వాల్చి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. టైలరు తిడుతూనే ఉన్నాడు.

థియేటరు తలుపు వేయబోతున్న నర్సు స్ట్రెచరును లోపలికి లాక్కుంది. టైలరు వెనక్కి తిరిగేసరికి ఖాకీ చొక్కా పిట్టగోడ పట్టుకుని మెల్లిగా దిగిపోతోంది.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. "గండం గడిచింది," అన్నారు.

టైలరు నేల మీద కూలబడి భోరుమన్నాడు. కళ్ళు తుడుచుకున్నాక ఆ మనిషి గుర్తొచ్చాడు. పాపం, నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఒక నోటు మడిచి గుప్పిట్లో పెట్టుకుని కిందికి దిగాడు.

"స్ట్రెచరు తోసే బంట్రోతు ఏడమ్మా? ఖాకీ చొక్కా ఆయన?"

మగవాళ్ళ వార్డు నర్సు అలసటగా చూసింది.

"బంట్రోతా? ఆ ఉద్యోగాలు ఎత్తేసి ఏళ్ళయింది. ఇక్కడ రోగులూ వాళ్ళ మనుషులే ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు." చివరి మంచం వైపు చూపించింది. "మీరడిగేది ఆ ఆటో తోలే ఆయన గురించైతే, మధ్యాహ్నమే పోయాడు."

మంచం మీద తల దాకా దుప్పటి కప్పి ఉంది. పొద్దుటి ఆడమనిషి పక్కన కూర్చుని ఉంది. ఆమె టైలరును గుర్తుపట్టింది.

"మీ ఆవిడ గట్టెక్కిందా నాయనా?"

టైలరు తలూపాడు.

"పోన్లే," అంది ఆమె దుప్పటి సర్దుతూ. "కదలకుండా కూర్చో, వాళ్ళు ఆలస్యమైతే ఆ బల్ల నీకే దక్కుతుందని కాళ్ళావేళ్ళా పడ్డాను... 'వాళ్ళకు తోసే దిక్కు లేదే' అంటూ లేచొచ్చేశాడు."