మూడుసార్లూ పద్నాలుగే

డాక్టరమ్మ పిడికిలి బలం కొలిచే పరికరాన్ని బల్ల మీద ముందుకు జరిపేసరికి గుమస్తా కుడిచేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. చూడ్డానికది సైకిలు బ్రేకులా ఉంది. పైన గుండ్రటి అద్దం, అద్దం వెనక ముల్లు. ఎంత గట్టిగా పిసికితే ముల్లు అంత ముందుకు పోతుంది.

"కుడిచేత్తో మూడుసార్లు పిసకండి. మీ శక్తి కొద్దీ," అంది ఆవిడ. ఆ వచ్చే అంకెను బట్టే ఇంకో నాలుగు వారాలు సెలవివ్వాలో, సోమవారం నుంచి మళ్లీ కీబోర్డు ముందు కూర్చోమనాలో రాస్తానంది.

అతని నొప్పి మొదట్లో అబద్ధమేమీ కాదు. పద్దెనిమిదేళ్లుగా, రోజుకు ఎనిమిది గంటల చొప్పున కంప్యూటరులోకి అంకెలెక్కించిన చెయ్యి అది. మణికట్టు వాచి, వేళ్లు తిమ్మిరెక్కి, పట్టుకున్న గ్లాసు జారిపోయిన రోజులున్నాయి. కాకపోతే ఆ నొప్పి రెండు వారాల కిందటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. వెళ్లిపోయిందన్న సంగతి అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు, అంతే.

చెప్పడానికి నోరెలా వస్తుంది? చేతికి పట్టీ పడ్డప్పటి నుంచి ఇంట్లో అతనిది రాజభోగం. చొక్కా బొత్తాలు భార్యే పెడుతుంది. గడ్డం గీస్తుంది, అన్నం కలిపి నోటికందిస్తుంది. తడి దుప్పట్లు పిండడం, బిగుసుకున్న సీసా మూతలు తిప్పడం లాంటి అతని వంతు పనులన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. ఆఫీసుకు పంపిన సెలవు దరఖాస్తు కూడా ఆమే టైపు చేసింది. ఆమె ఏమైనా ఇంటిపట్టున ఉండే మనిషా అంటే అదీ కాదు. ఒక రవాణా కంపెనీలో పొద్దస్తమానం సరుకుల చిట్టాలు టైపు చేసి వచ్చి, అప్పుడు ఇవన్నీ మొదలుపెడుతుంది. పల్లెత్తు మాట అనదు మహాతల్లి అని అతను పక్కసీటాయనకు ఫోనులో గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

ఆ పక్కసీటాయనే ఈ పరీక్ష గుట్టు చెప్పాడు. దొంగనొప్పుల వాళ్లు ఒకసారి పది, ఇంకోసారి ఇరవై చూపించి దొరికిపోతారట. మూడుసార్లూ ఒకేలా వస్తే డాక్టర్లు కిక్కురుమనరట. దాంతో గుమస్తా వారం రోజులు గోడవైపు తిరిగి పడుకుని, చుట్టిన తువాలు పిసుకుతూ సాధన చేశాడు.

మొదటిసారి మొహం చిట్లించి పిసికాడు. పద్నాలుగు. రెండోసారి కాస్త మూలిగాడు. పద్నాలుగు. మూడోసారి కళ్లు మూసుకున్నా సరే, ముల్లు వెంట్రుకవాసి తేడా లేకుండా పద్నాలుగు మీదే నిలిచింది. అంకె తప్పడమంటే తెలియని మనిషి మరి.

డాక్టరమ్మ అద్దాన్ని కళ్లజోడు దగ్గరకు తెచ్చుకుని చూసింది. "మూడుసార్లూ పద్నాలుగేనా? నా సర్వీసులో ఇలా ఎప్పుడూ చూళ్లేదండీ. నొప్పున్న చెయ్యయినా, లేని చెయ్యయినా ఒకటో రెండో అటూ ఇటూ అవుతుంది. ముల్లు ఇరుక్కుపోయినట్టుంది."

పాతబడ్డ యంత్రాలు అంతేనంటూ గుమస్తా గబగబా వంతపాడాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఆవిడ చూపు గోడవారన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అతని భార్య మీద పడింది.

"అమ్మా, మీరోసారి పిసకండి. బాగున్న చెయ్యి ఎంత చూపిస్తుందో చూస్తే దీని సంగతి తేలిపోతుంది."

గుమస్తా భార్య చేతివైపు చూశాడు. ఇద్దరి బట్టలూ పిండే చెయ్యది. ముల్లు ముప్పైకి పోవడం ఖాయం. పోయిందా, యంత్రం మంచిదనీ మొగుడు దొంగనీ ఒక్క దెబ్బతో తేలిపోతుంది. సెలవు మాట దేవుడెరుగు, ఆఫీసులో పరువు గంగలో కలుస్తుంది. భార్య తనకెందుకులెండి అని వెనకాడితే అతనికి కొంచెం ఆశ పుట్టింది. డాక్టరమ్మ వదల్లేదు. పరికరం తీసుకెళ్లి ఆమె కుడిచేతిలో పెట్టింది. ముల్లు కదలకూడదని గుమస్తా తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

ఆమె పెదవి బిగపట్టి పిసికింది. ముల్లు ఈడ్చుకుంటూ వెళ్లి తొమ్మిది దగ్గర ఆగింది.

గుమస్తాకు ప్రాణం లేచొచ్చింది. "నేను చెప్పలేదా, పాడైపోయిందని," అన్నాడు నవ్వుతూ.

డాక్టరమ్మ నవ్వలేదు. పరికరాన్ని ఆమె ఎడమచేతికి మార్చింది. ఈసారి ముల్లు చకచకా ఇరవై ఏడుకు పోయింది. యంత్రానికి ఏ రోగమూ లేదు. ఆవిడ వంగి, ఆమె కుడి మణికట్టు మీద బొటనవేలితో నొక్కీ నొక్కకముందే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇది?"

భార్య మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈయనకంటే రెండు నెలల ముందు నుంచేనండీ. నేను చెబుదామని కూర్చున్న పూటే, తనకు నొప్పిగా ఉందని ఈయనే నాకంటే ముందుగా చెప్పేశారు."