మోగని రేకు

"ఈ మిషన్‌తో మీకు బంగారం ఈ జన్మలో దొరకదు" అన్నాడు దుకాణదారు నైజెల్, పాత మెటల్ డిటెక్టర్‌ని బల్ల మీద పెట్టి.

బల్లకి ఇవతల హోరేస్, పక్కన ఆయన భార్య మేవిస్. ఇద్దరి కోట్లూ తడిసి ఉన్నాయి. ఇంగ్లండులోని ఆ నార్ఫక్ ప్రాంతంలో కోతలయ్యాక వాన పడకపోతేనే వింత.

"ఎందుకు దొరకదు?" అన్నాడు హోరేస్. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడే ఓపికా లేదు.

"బీరు టిన్నుల మూత రేకులు మోగకుండా ఎవరో మీట నొక్కిపెట్టారు. ఆ రేకుకీ బంగారపు ఉంగరానికీ మిషన్‌కి తేడా తెలీదు పెద్దాయనా. రేకు నోరు మూయిస్తే ఉంగరం నోరూ మూతపడుతుంది. కొత్తగా దిగినవాళ్లు చేసే తప్పిది. మీరెలా చేశారు?"

మేవిస్ అద్దాల బీరువాలో ఉన్న పాత నాణేలని మహా శ్రద్ధగా చూడసాగింది.

ఆవిడ పెళ్లి ఉంగరం ఊరి రైతు పొలంలో, కోతల విందు నాడు జారిపోయింది. అప్పట్నుంచీ ఏటా అదే తంతు. కోత కాగానే రైతు కబురు పెడతాడు. మళ్లీ విత్తనం పడేదాకా హోరేస్ ప్రతి శనివారం ఆ గోధుమ కొయ్యకాళ్లలో మిషన్ ఊపుకుంటూ తిరుగుతాడు. పాత రాగి నాణేలు దొరికాయి. సిపాయి కోటు గుండీలు దొరికాయి. మేకుల సంగతి చెప్పక్కర్లేదు. ఉంగరం మాత్రం లేదు.

"విందులు చేసుకున్న పొలం కదా. ఇన్నేళ్లలో ఒక్క మూత రేకూ మోగకపోతే అనుమానం రాలేదా?" నైజెల్ వదల్లేదు.

"మా ఊరివాళ్లు శుభ్రమైనవాళ్లనుకున్నాను."

"విసుగైనా రాలేదా?"

"రాకేం, మోకాళ్లు పోయాయి. మోచెయ్యి పోయింది. కాకపోతే సాయంత్రం ఈవిడ ఫ్లాస్కులో టీ పోసుకుని పొలం గేటు దాకా వస్తుంది. అక్కడ కూచుని ఇద్దరం ఏదో ఒకటి మాట్లాడుకుంటాం. ఇంట్లో అయితే మాట్లాడేది టీవీ ఒక్కటే."

"సర్లే, మన ఇంటి గొడవ ఆయనకెందుకు?" అంది మేవిస్. "పాతది ఇచ్చేసి కొత్తది కొంటున్నాం కదా, దాని చార్జర్ కారులోనే ఉండిపోయింది. పట్రా హోరేస్."

హోరేస్ కుంటుకుంటూ బయటికి వెళ్లాడు. తలుపు మూసుకోగానే మేవిస్ బల్ల మీదికి వంగింది.

"ఆ మీట నొక్కింది నేనే నాయనా."

నైజెల్ తలుపు వైపు ఒకసారి చూశాడు.

"మిషన్‌ని చార్జింగుకి పెట్టేది నేనేగా. ఉంగరం నా గుండీల డబ్బాలోనే ఉంది. పోయిందనుకున్న మొదటి చలికాలమే కనిపించింది. చెబుదామనుకునేసరికి ఈయనకి గుండె నొప్పి వచ్చింది. నడవకపోతే కష్టమన్నాడు డాక్టరు. ఉత్తినే నడవమంటే నడిచే మనిషి కాదు. ఉంగరం ఉందని తెలిసిందా, ఆ రోజే కుర్చీలో కూలబడతాడు. మళ్లీ లేవడు."

"మరి ఉంగరం పొలంలో లేనప్పుడు మీట ఎందుకు నొక్కడం?"

"ప్రతి రేకుకీ వంగి తవ్వుతుంటే ఆ మోకాళ్లు ఏమైపోవాలి? ఆ బురద ప్యాంట్లు ఉతకలేక నా నడుం కూడా పడిపోయింది. అయినా తప్పదు. కొత్తదీ అలాగే పెట్టివ్వు నాయనా."

గుండీల డబ్బాలో ఉన్న ఉంగరం కోసం ముసలాయనకి కొత్త మిషన్ అంటగట్టడం నైజెల్‌కి మనస్కరించలేదు. కానీ ఆవిడ మొహం చూశాక కాదనలేకపోయాడు. సరేనని తలూపాడు.

హోరేస్ తడుస్తూ తిరిగొచ్చాడు. నైజెల్ మూడు రకాలు చూపించాడు. ఎంత లోతు చూస్తుందనీ, బంగారం పట్టిస్తుందా అనీ అడగలేదాయన. ఒక్కొక్కటీ ఎత్తి చూసి, అన్నిట్లోకీ తేలికైనది పక్కన పెట్టాడు. చెవులకి తగిలించుకునేది పాతదే చాలన్నాడు. తవ్విన గుంటలో వస్తువు ఎక్కడుందో పట్టిచ్చే చిన్న పుల్లలాంటి పరికరం చూపిస్తే అక్కర్లేదన్నాడు. దొరికినవి వేసుకోడానికి నడుం సంచి ఒకటి తీసుకున్నాడు.

"మోకాళ్ల దిళ్లు మాత్రం మంచివి చూపించు. మందపాటివి" అంది మేవిస్. వాటిని తనే నొక్కి నొక్కి చూసి ఎంచింది.

అన్నీ అయ్యాక, కారు వేడెక్కిస్తానంటూ ఆవిడ ముందు వెళ్లింది. నైజెల్ కొత్త మిషన్‌కి మీట నొక్కి, పెట్టెలో సర్దుతున్నాడు. తలెత్తి చూస్తే హోరేస్ తననే చూస్తున్నాడు.

"దీనికీ మీట నొక్కావా? ఆవిడ చెప్పినట్టు?"

నైజెల్ చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది. "మీకు... తెలుసా?"

"విందులు జరిగిన పొలంలో మూత రేకు ఒక్కటీ మోగకపోతే ఏం జరిగిందో తెలుసుకోలేనివాడు ఈ పనికేం పనికొస్తాడు అబ్బాయ్?"

"మరి మీట మార్చుకోలేదేం? ఉంగరం దొరికేదేమో కదా?" అన్నాడు నైజెల్, ఆవిడ రహస్యం బయటపెట్టకుండా.

బయట కారు హారన్ మోగింది. హోరేస్ పెట్టెని చంకన పెట్టుకుని తలుపు దాకా నడిచి ఆగాడు.

"చొక్కాకి గుండీ ఊడితే ఆవిడ గుండీల డబ్బా నేనూ తెరిచాను అబ్బాయ్. చూశానని చెప్పేస్తే, రేపట్నుంచి ఫ్లాస్కు పట్టుకుని ఆవిడ ఎక్కడికని వస్తుంది?"