పొగగొట్టంలో ఊపిరి

డీజిల్ కార్ల పొగకు కొత్త పరిమితులు వచ్చినప్పటి నుంచి జానయ్యకు కంటినిండా నిద్ర లేదు. కంపెనీ తయారుచేసిన కొత్త కారును అతను రాత్రంతా శ్రీశైలం రోడ్డు మీద నడుపుతాడు. వెనుక సీట్లో ఇంజనీరు హరిత ల్యాప్‌టాప్ చూస్తుంటుంది. పొగగొట్టానికి బిగించిన యంత్రం పొగను కొలిచి అందులో గీత గీస్తుంది. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే ఇద్దరి ఉద్యోగాలూ పోయినట్టే.

కల్వకుర్తి దాటాక, పత్తిచేన్ల నడుమ జానయ్య ఇంజన్ ఆపాడు. ఇక గీత కిందికి దిగి నిలవాలి.

దిగింది. కాసేపటికి మెల్లగా లేచి, పడి, మళ్లీ లేచింది.

"జానన్నా, ఇంజన్ బంద్ చేసినవా?"

"చేసిన మేడం. తాళంచెవి నా జేబుల్నే ఉంది."

"మరి గిదేంది? గొట్టంల ఎవరో ఊపిరి ఇడుస్తున్నట్టు వస్తాంది."

జానయ్య నీరసంగా టార్చి పట్టుకుని దిగాడు. కారు వెనుక, కింద, చేను గట్టున ఎవరూ లేరు. తిరిగొచ్చి తలుపు వేసుకున్నాడు.

"మిషన్ ఖరాబైనట్టుంది మేడం. జరసేపు పండుకుందాం. పానం అలిసింది."

హరిత తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"అన్నా," అంది గుసగుసగా, "ఒక్కసారి ఊపిరి బిగవట్టు."

ఇద్దరూ బిగబట్టారు.

తెర మీద గీత కూడా ఆగిపోయింది.

చేన్లలో కీచురాళ్ల చప్పుడు లేదు. ముందు ఎవరు ఊపిరి వదలాలో ఇద్దరికీ తెలియలేదు.