యంత్రం ఆగినప్పుడు

అప్పలకొండ పెద్దపేగులో కేన్సరు ముదిరింది. ఆ పేగు తీసెయ్యాలి. డాక్టర్ హైమావతి అతని భార్య నూకరత్నాన్ని కూర్చోబెట్టి చెప్పింది.

"రెండు పద్ధతులున్నాయమ్మా. రెండింటికీ పొట్ట మీద చిన్న రంధ్రాలే. నేను చేస్తే ఎక్కువసేపు పడుతుంది. మా రోబో యంత్రం తనంతట తానే చేస్తే నెత్తురు తక్కువ పోతుంది, మనిషి త్వరగా లేస్తాడు."

"యంత్రానికి మడిసి బాదేటి తెలుస్తాదమ్మా? మీరే సెయ్యండి."

"నేను పక్కనే ఉంటాగా. అది ఆగితే నా చేత్తో పూర్తిచేస్తాను."

నూకరత్నం సరేనంది. ఈ మాట డాక్టర్ అందరికీ చెప్పేదే. యంత్రం ఏనాడూ ఆగలేదు గనక, ఆమె చేత్తో ఆపరేషన్ చేసి ఏళ్లయింది.

అప్పలకొండ ఆపరేషన్ రోజున ఆగింది. పేగు సగం తెగి నెత్తురు ఊరుతుండగా యంత్రం చేతులు నిలిచిపోయాయి. హైమావతి పొడుగాటి పటకారు అందుకుని రంధ్రంలోంచి లోపలికి దించింది. ఎక్కడ నొక్కాలో తెలుసు. కానీ వేళ్లకు అలవాటు తప్పి పటకారు జారింది. మళ్లీ జారింది. నర్సు ఆమె ముఖంలోకి చూసి కళ్లు దించుకుంది.

అంతలో యంత్రం తనంతట తానే కదిలింది. ఆమె పటకారును మెల్లగా పక్కకు నెట్టి పని ముగించింది. ఎందుకు ఆగిందో, మళ్లీ ఎందుకు కదిలిందో చెప్పగలిగినవాళ్లు ఆ ఆసుపత్రిలో ఎవరూ లేరు.

బయట నూకరత్నం హైమావతి రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"ఈ సేతులే మా మావని బతికించాయమ్మా!"

హైమావతి చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. లోపల తరవాతి రోగి బల్ల మీదున్నాడు. ఆమె కోసం చూడకుండానే యంత్రం పని మొదలుపెట్టేసింది.