సర్దిన పెట్టె

"ఇంకా తిరుగుతూనే ఉంది," అన్నాడు తండ్రి.

"ఏది?"

"ఫోన్‌లో ఈ చక్రం. చూసి చూసి నాకూ తల తిరుగుతోంది."

"మీకు తల తిరగడానికి చక్రాలు అక్కర్లేదు లెండి. ఇటివ్వండి," అంది తల్లి.

నాలుగింటికి ఫలితాలన్నారు. నాలుగు దాటింది. వెబ్‌సైట్ మాత్రం తెరుచుకోనని మొండికేసి కూర్చుంది. తల్లికి ఐదింటికి డ్యూటీ. ఈలోగా సంగతి తేలకపోతే ఆవిడ అక్కడ ఏం చేస్తుందో ఆవిడకే తెలియదు.

పరీక్ష రాసింది వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పదేళ్లది. తెరిచిన నోరు మూయదు కాబట్టి అందరూ పిచ్చుక అంటారు. ఇప్పుడు చదివే చిన్న బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే ఆ చుట్టుపక్కల ఉన్నది పెద్ద రెసిడెన్షియల్ స్కూలు ఒక్కటే. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి పరీక్ష రాస్తారు. గుప్పెడు మందికే సీటు. ఎవరి పిల్లలైనా, ఎంత తెలిసినవాళ్లయినా, పరీక్ష గట్టెక్కితేనే లోపలికి.

తండ్రి ఎలక్ట్రీషియన్. ఫలితం ఒకరోజు ముందే లాగుదామని నిన్న ఆ స్కూలు ఆఫీసుకే వెళ్లాడు. శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాన్‌ని ఆపి, విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తూ గుమాస్తాను మెల్లగా కదిపాడు.

"నాకూ రేపే తెలుస్తుంది బాబూ," అన్నాడు గుమాస్తా. "ముందా ఫ్యాన్ వెయ్యి. ఉడికిపోతున్నాను."

గది మూలన పెట్టె ఉంది. నిన్ననే సర్దింది తల్లి. గౌన్లు, స్వెట్టరు, కథల పుస్తకాలు, ఒంటికన్ను ఎలుగుబంటి బొమ్మ. అన్నిటికీ అడుగున తన పాత శాలువా. రాత్రిళ్లు పిల్లకి అమ్మ వాసన ఉండాలిగా మరి.

"ఫలితం రాకముందే పెట్టె ఏంటోయ్?" అన్నాడు తండ్రి.

"తీరా బండెక్కించాల్సొస్తే అప్పుడు నాకు చేతులాడవు. అందుకని."

"అమ్మా, బొమ్మని లోపల పెట్టేశావా!" పిచ్చుక పాలలో ముంచిన బిస్కెట్ చేత్తోనే పెట్టె మీదికి ఉరికింది. "దానికి ఊపిరాడదు!"

"బిస్కెట్ చూసుకో ముందు. సగం పాలలోనే మునిగిపోయింది."

"మునగనీ. పరీక్ష రాసింది నేను. చెమటలు మీకెందుకు పడుతున్నాయి?"

చక్రం ఆగింది. తెర తెల్లబడింది. ఏవో అక్షరాలు కనబడబోయాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తండ్రికి స్వయానా అక్క.

"ఏమైందిరా తమ్ముడూ?"

"తెరుచుకోబోయింది. నువ్వు చేశావు. మూసుకుపోయింది."

"దానికంత ఏడుపు గొంతెందుకు? సీటు రాకపోతే కొంపేం మునిగిపోదు. నేను లేనూ?"

అక్క మంచిది. మాట కూడా మంచిదే. అయినా తల్లి గబగబా వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసునే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

తండ్రి వెనకాలే వెళ్లాడు. "ఇదిగో, గ్లాసు అరిగిపోతుంది."

"పిచ్చుక లేకపోతే ఇల్లు ఎంత బోసిపోతుందండీ..."

"బోసి ఎలా అవుతుంది? నీ గొంతు ఉంటుందిగా."

తల్లి తడి గుడ్డ విసిరింది. అది ఆయన భుజం మీద పడింది. ఆవిడకి ఏడుస్తూనే నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఇంకొంచెం ఏడుపొచ్చింది. ఆయన అదే గుడ్డతో ఆవిడ కళ్లు తుడవబోయి, సబ్బు వాసనకి తనే తుమ్మాడు.

"పాసవుతుందంటారా?"

"అవ్వాలి," అన్నాడు తండ్రి. ఈసారి జోకేమీ వెయ్యలేదు.

వాళ్లు ఇవతలికి వచ్చేసరికి పిచ్చుక పెట్టెని కిటికీ దగ్గరికి లాక్కుని, దానిమీద ఎక్కి నిలబడి ఉంది. ఒక చేతిలో ఎలుగుబంటి. ఇంకో చేతిలో ఫోన్.

"ఇక్కడ సిగ్నల్ బాగుంది నాన్నా. నా నంబరు నేనే కొట్టాను. తెరుచుకుంది."

ఇద్దరూ ఉన్నచోటే ఆగిపోయారు.

"ఏముందే?" అంది తల్లి.

"నా పేరుంది. పక్కన పచ్చగా ఏదో వెలుగుతోంది. పచ్చ మంచిదా, చెడ్డదా?"

తండ్రి రెండంగల్లో చేరి తెర చూశాడు. చదివాడు. కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు.

"పచ్చంటే కరెంటు వచ్చినట్టే తల్లీ! నీకు సీటొచ్చింది!"

పిల్లని అమాంతం పైకెత్తి గిరగిరా తిప్పాడు.

"ఫ్యాన్! పైన ఫ్యానండీ!" తల్లి కేక పెట్టింది. ఎలక్ట్రీషియన్‌కి ఫ్యాన్ సంగతి గుర్తుచేయాల్సి వచ్చిన మొదటిసారి అదే.

తర్వాత ఆవిడ నేలమీద చతికిలబడి పెట్టె మూత తెరిచింది. కూనిరాగం తీస్తూ, సర్దినవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. గౌన్లు మళ్లీ అలమరలోకి. పుస్తకాలు మళ్లీ కిటికీ గట్టు మీదికి. శాలువా తన భుజం మీదికి. ఖాళీ పెట్టెని తండ్రి ఈలవేస్తూ అటక మీదికి తోసేశాడు.

బయట ఐదు గంటల గంట మోగింది.

తన హాస్టల్ వార్డెన్ తాళాలగుత్తి చేతపట్టుకుని, గోడ అవతలే ఉన్న ఆ స్కూల్లోకి పరుగుతీస్తూ, తల్లి ఫోన్‌లో ఆడపడుచుతో సంబరంగా అంది: "వదినా, సీటొచ్చేసింది, పిచ్చుక ఇంక మీ ఊరు రాదు, మా దగ్గరే ఉండి చదువుకుంటుంది!"