దస్తీ కింద

వందన కిటికీలోంచి విసిరిన దస్తీ, అదే చేతిరుమాలు, ఖాళీ సీటు మీద పడింది.

బీర్కూర్‌లో బస్సు ఆగితే ముందు దస్తీ ఎక్కుతుంది, మనిషి తర్వాత ఎక్కుతాడు. దస్తీ పడ్డ సీటును ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకుంటే బస్సంతా తిడుతుంది.

ఆ రోజు ఎవడో ముట్టుకున్నాడు. దస్తీ తీసి వెనక సీటు మీద పడేసి, కిటికీ పక్కన తను కూర్చున్నాడు.

వందన జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. తన దస్తీ కనబడింది. కూర్చుంది.

కింద ఏదో పటపటమంది.

గుడ్లమ్మే భూమవ్వ సీటు మీద పెట్టిన గంప అది. గడ్డి పరిచి, పైన గుడ్డ కప్పి, అంగడికి తీసుకుపోతోంది.

"అయ్యో అవ్వా, నా దస్తీ ఉన్నదని కూసున్న."

"దస్తీ నీదే బిడ్డా. దాని కింద ఏమున్నదో సూడొద్దా?"

బాన్సువాడ వచ్చేదాకా భూమవ్వ ఆ ఒక్క మాటే తిప్పి తిప్పి అంది. వందన తల ఎత్తలేదు. దస్తీ జరిపిన పెద్దమనిషి మాత్రం కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ హాయిగా కూర్చున్నాడు.

బస్టాండ్ వెనక సందులో హరనాథబాబు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. వందన అక్కడ పాఠం చెప్తుంది. జూన్‌లో బోధన్‌లో ఇంకో బ్రాంచి తెరుస్తానని, అది నీ చేతిలోనే పెడతానని ఆయన అన్నాడు. అప్పటినుంచి ఆమెకు బస్సులో నిలబడి వచ్చినా కాళ్లు నొప్పి పుట్టడం లేదు.

ఇన్‌స్టిట్యూట్‌లో లినక్స్ పెట్టిన పెద్ద కంప్యూటర్ ఒకటే. ఎవరి కీబోర్డు మీద కొట్టినా పిల్లలందరి పనీ అందులోనే. సాయంత్రం కాగానే వందన రాసిన ప్రోగ్రాం దానంతటదే నడిచి, ఆ రోజు హాజరును 'హాజరీ' అనే పేరుతో టెంపరరీ ఫోల్డర్‌లో రాసిపెడుతుంది. ఆ ఫోల్డర్‌లో ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. పొద్దున్నే వందన దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించి, అక్కడ చెరిపేస్తుంది.

ఆ పొద్దున్న అక్కడ హాజరీ ఫైలు లేదు. ఆ పేరుతో ఒక లింక్ ఉంది. లింక్ అంటే ఉత్త పేరు, అసలు సరుకు ఇంకోచోట ఉంటుంది. పక్కనున్న బాణం గుర్తు బ్యాచి మొత్తం కలిసి చేస్తే, పూర్తయ్యాక ఎవరూ మార్చకుండా వందన తాళం వేసిన ప్రాజెక్టు ఫైలును చూపిస్తోంది.

వందన ప్రాజెక్టు తెరిచింది.

మూడు నెలల పని లేదు. దాని చోట నిన్నటి హాజరు ఉంది.

సోమవారం నిజామాబాద్ నుంచి పరీక్ష పెట్టేవాళ్లు వస్తున్నారు.

హరనాథబాబు వెనక నిలబడి స్క్రీన్ చూశాడు.

"లింక్ పెట్టినోని పేరున్నదిగా. భోజ్యా. ఇగ వేరే సాక్ష్యమెందుకు?"

"సార్, ఆ ఫైల్ల రాసే పర్మిషన్ పిల్లలకు లేదు."

"పేరున్నదా లేదా?"

ఉంది.

భోజ్యా తండా నుంచి సైకిల్ మీద వస్తాడు. సర్టిఫికెట్ చేతికొస్తే రైస్‌మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్ పని ఇస్తామన్నారు. ఆ సంగతి క్లాసులో అందరికీ తెలుసు, అతనే చెప్పుకున్నాడు. అతను అప్పుడే వచ్చాడు.

"ఫీజు తగ్గించి సీటిస్తే గిదా నువ్వు చేసేది? సర్టిఫికెట్ లేదు, ఏం లేదు. ఇంటికి నడువ్" అన్నాడు హరనాథబాబు.

"సార్, నిన్న క్లాసుల..."

భోజ్యా వందన వైపు చూశాడు. ఆమె వెనక తలుపు తీసి ఉన్న క్లాసు గది వైపు చూశాడు.

లోపల ఫోన్ మోగింది. "వాని పేరు కంప్యూటర్ల కెల్లి తీసెయ్, నేనొస్తున్న" అని హరనాథబాబు తన గదిలోకి వెళ్లాడు.

"నిన్న క్లాసుల ఏంది భోజ్యా?"

అతను మళ్లీ ఆ గది వైపే చూశాడు. వందన వెనక్కి తిరిగింది.

బోర్డు మీద చాక్‌పీస్‌తో తను రాసిన లైను అలాగే ఉంది.

నిన్నటి పాఠం టెంపరరీ ఫోల్డర్‌లో లింక్ పెట్టడం. ఉదాహరణకు వేరే పేర్లు తట్టక, రోజూ తన చేతుల్లో నలిగే రెండు పేర్లే రాసింది. ప్రాజెక్ట్, హాజరీ. ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "బోర్డు మీదున్నది ఉన్నట్టే కొట్టండి. ఒక్క చుక్క తప్పొద్దు."

అందరూ ఉన్నట్టే కొట్టారు. భోజ్యా అందరికంటే ముందు కొట్టాడు. మిగతావాళ్లకు ఆ పేరు ముందే ఉందని కంప్యూటర్ జవాబిచ్చింది. "చూడండి, భోజ్యాకు ఒక్కనికే వచ్చింది" అని ఆమే చప్పట్లు కొట్టించింది.

సాయంత్రం ఆమె ప్రోగ్రాం వచ్చింది. హాజరీ అన్న పేరు చూసుకుని రాసేసింది. ఆ పేరు కిందున్నది ప్రాజెక్టు. ఆమె అధికారంతో నడిచేది కాబట్టి ఏ తాళమూ దాన్ని ఆపలేదు.

కంచె చేను మేసింది. కంచె వేసింది తనే.

వందనకు బోధన్ గుర్తొచ్చింది. ఇలాంటప్పుడు బోధన్ గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఈలోగా భోజ్యా క్లాసు గదిలోకి వెళ్లి డస్టర్ అందుకున్నాడు.

"తుడుస్త మేడం. సార్ సూస్తే మీకు కష్టమైతది. నాదేమున్నది, మిల్లు గాకపోతే ఇంకోటి."

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. కళ్లు మాత్రం నిండి ఉన్నాయి.

లోపల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. కుర్చీ జరిగింది.

వందన గబగబా వెళ్లి అతని చేతిలోంచి డస్టర్ తీసుకుంది.

"తుడవకు భోజ్యా. సార్‌ను రానియ్."